వలస సంస్కరణలు: చట్టబద్ధ తెలుగు వలసదారుల అభిప్రాయాలు

నిర్వచనం, పరిధి

ఒక దేశం ఇచ్చిన అనుమతితో అక్కడికి వెళ్లి, దాని షరతులకు లోబడి నివసిస్తూ పనిచేసేవారు చట్టబద్ధ వలసదారులు. అనుమతి లేకుండా సరిహద్దు దాటినవారు, అనుమతితో వెళ్లి గడువు తీరినా తిరిగిరానివారు పత్రాలు లేని వలసదారులు. ఈ రెండింటి నడుమ మూడో రకం ఉంది: ఉండడానికి వీసా ఉంటుంది, చేస్తున్న పనికి మాత్రం అనుమతి ఉండదు. తెలుగువారిలో చట్టబద్ధత పోవడం గురించిన చర్చ చాలావరకు ఈ మూడో రకం చుట్టూనే తిరుగుతుంది.

వలస సంస్కరణ అనే మాట కింద మూడు ప్రశ్నలు ఉన్నాయి. పత్రాలు లేనివారిని ఏం చేయాలి? కొత్తగా ఎందరిని, ఏ అర్హతతో రానివ్వాలి? చట్టప్రకారం వచ్చి శాశ్వత నివాసం కోసం వేచి ఉన్నవారి వరుసను ఎలా తగ్గించాలి? అమెరికా రాజకీయాల్లో మొదటి ప్రశ్నకు చోటెక్కువ. తెలుగు ఇళ్లలో మాట్లాడుకునేది మూడోదాని గురించి. ఈ వ్యాసం ప్రధానంగా అమెరికాలోని తెలుగువారి గురించి. విశాఖపట్నం పూర్వరంగాన్నీ, గల్ఫ్ దేశాల తీరునూ అవసరమైనంత మేరకు చేరుస్తుంది.

పదజాలం

తెలుగు పత్రికల్లో స్థిరపడిన మాట 'అక్రమ వలసదారులు'. అక్రమం పనికి వర్తిస్తుంది గాని మనిషికి కాదని హక్కుల సంఘాలు 'పత్రాలు లేనివారు' అంటాయి. వలస వెళ్లినవారు ఈ రెండూ వాడేది తక్కువ. అమెరికాలో ఉన్నవారు 'స్టేటస్ పోయింది' అంటారు. గల్ఫ్‌లో యజమానిని, అంటే కఫీల్‌ను, వదిలేసి బయట పనిచేసేవాణ్ని 'ఖల్లివల్లి' అంటారు. 'పోనీ, వదిలెయ్' అనే అర్థంలో అక్కడి అరబ్బుల వాడుకలో ఉన్న మాట ఇది.

'ఆమ్నెస్టీ' అనే మాటతో జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో దాని అర్థం తప్పు మన్నించి ఉండనివ్వడం. గల్ఫ్‌లో దాని అర్థం ప్రధానంగా జరిమానా, జైలు లేకుండా ఇంటికి పోనివ్వడం. ఒకే ఇంట్లో ఒక కొడుకు డాలస్‌లో, ఇంకో కొడుకు కువైట్‌లో ఉంటే ఒకే మాట ఇద్దరి నోటా తలకిందులుగా వినిపిస్తుంది.

విశాఖ పూర్వరంగం (చూ. కొరంగీలు, బర్మా కాందిశీకులు)

పూర్ణా మార్కెట్ విశాఖ పాతపట్నంలో, ఓడరేవుకూ కింగ్ జార్జి ఆసుపత్రికీ దగ్గర్లో ఉన్న కూరగాయల, కిరాణా బజారు. ఆ మార్కెట్ నుంచి ఆటో దూరంలో మూడు తరాల వలసల ఆనవాళ్లు కనిపిస్తాయి. రంగూన్ ఓడలెక్కిన రేవు ఒకటి. 1965 తర్వాత అమెరికాకు డాక్టర్లను పంపిన ఆంధ్ర వైద్య కళాశాల (1923) రెండోది. ఇప్పటి విద్యార్థులు బారులు తీరే ద్వారకానగర్ కన్సల్టెన్సీలు మూడోది.

ఉత్తరాంధ్ర పల్లెల నుంచీ ఒడిశా నుంచీ విశాఖకు బస్తాలు మోయడానికి వచ్చే కలాసీ ఏ అనుమతి పత్రమూ చూపక్కర్లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) కాంట్రాక్టరును లైసెన్సు తీసుకోమంది తప్ప కూలీని కాదు. దేశం దాటితేనే అదే కూలీ చట్టబద్ధుడో కాదో అన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్న తెలుగువారికి మొదట పెద్ద ఎత్తున ఎదురైంది బర్మాలో. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి వెళ్లి రంగూన్‌లో ఓడసరుకు దించే పని, ధాన్యం మిల్లుల పని, రిక్షా లాగే పని చేసినవారిని అక్కడివాళ్లు 'కొరంగీలు' అన్నారు. కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది; తర్వాత తిట్టుగా మారింది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి వీళ్లు వలస చట్టం దృష్టిలో విదేశీయులు కారు. అయినా 1930 మే నెలలో గొడవ జరిగింది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలోకి తెచ్చాయి. సమ్మె తీరి పాతవాళ్లు తిరిగి రాగానే కొత్తవాళ్లకు పని పోయింది. మూడు నాలుగు రోజుల పాటు భారతీయుల మీద దాడులు సాగి, చాలామంది చనిపోయారు.

1941లో భారత, బర్మా ప్రభుత్వాలు వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే స్థిరపడినవారికి ఒక రకం హక్కులు, కొత్తగా వచ్చేవారికి పర్మిట్లు, రుసుములు పెట్టింది. 'ముందు వచ్చినవారు, తర్వాత వచ్చినవారు' అనే విభజన కాగితం మీదికి ఎక్కింది అప్పుడే. జపాన్ దాడితో ఒప్పందం అమలు ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక బర్మా 1948 పౌరసత్వ చట్టం కింద దరఖాస్తు చేసుకోని భారతీయులు, పుట్టింది అక్కడే అయినా, విదేశీయుల రిజిస్టరులో మిగిలారు. 1962 సైనిక ప్రభుత్వం వచ్చాక, ముఖ్యంగా 1964 నుంచి, లక్షల మంది తిరిగి వచ్చారు. విశాఖ కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంపు పేరు వారి వల్ల వచ్చిందే. కాగితం తెచ్చుకోవడంలో ఆలస్యం ఎంత ఖరీదైందో ఆ కుటుంబాలకు తెలిసినంతగా ఈ వ్యాసంలోని మరెవరికీ తెలియదు.

అమెరికా చట్టాలు: క్రమం (చూ. హెచ్‌-1బీ, గ్రీన్ కార్డు)

1917 చట్టం ఆసియా వాసుల రాకను దాదాపు మూసేసింది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది. 1946 లూస్-సెల్లర్ చట్టం ఏడాదికి 100 మంది భారతీయులను అనుమతించింది. 1965 చట్టం జాతీయ మూలాల వారీ కోటాలను రద్దు చేయడంతో ఆంధ్ర వైద్య కళాశాల, గుంటూరు, ఉస్మానియా పట్టభద్రులకు దారి తెరుచుకుంది. వైద్యుల కొరత ఉన్న కాలంలో వెళ్లిన ఆ తరానికి శాశ్వత నివాసం త్వరగానే దక్కింది. 1976 చట్టం విదేశీ డాక్టర్ల మీద ఆంక్షలు పెట్టే నాటికి వాళ్లు స్థిరపడ్డారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా (1977) వంటి సంఘాలకు పునాది వేసింది ఈ తరమే.

1986లో రీగన్ సంతకం చేసిన చట్టం, 1982 జనవరి 1కి ముందు నుంచి పత్రాలు లేకుండా నివసిస్తున్నవారికీ, కొందరు వ్యవసాయ కూలీలకూ చట్టబద్ధత ఇచ్చింది. సుమారు 27 లక్షల మంది లబ్ధి పొందారు. ఇప్పటికీ 'ఆమ్నెస్టీ' అంటే అమెరికాలో గుర్తొచ్చేది ఇదే.

1990 చట్టం నేటి తెలుగు వలసకు చట్రం. నిపుణ ఉద్యోగులకిచ్చే తాత్కాలిక వీసా హెచ్‌-1బీకి ఏడాదికి 65,000 పరిమితి, ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులకు (శాశ్వత నివాస అనుమతులకు) 1,40,000 పరిమితి, ఏ ఒక్క దేశానికీ సుమారు 7 శాతానికి మించకూడదన్న నిబంధన అందులోవే. 2001–03 మధ్య హెచ్‌-1బీ పరిమితి 1,95,000కు పెరిగి, తర్వాత మళ్లీ 65,000కు దిగింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 వీసాలు 2004 చట్టం ఇచ్చింది. గ్రీన్ కార్డుల పరిమితి మాత్రం పెరగలేదు. ఇటీవలి సంవత్సరాల్లో ఆమోదం పొందే హెచ్‌-1బీ దరఖాస్తుల్లో 71 శాతం దాకా భారతీయులవే కాగా, గ్రీన్ కార్డుల్లో చట్టం ప్రకారం వారికి ఉన్న వాటా సుమారు 7 శాతం. వరుస ఇంత పొడుగు కావడానికి ఈ తేడాయే కారణం. ఉద్యోగ ఆధారిత వరుసలో ఉన్న భారతీయులు, కుటుంబ సభ్యులతో కలిపి, 10 లక్షలకు పైమాటే.

విశాఖవారికి వరుస అనేది కొత్త అనుభవం కాదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చినవారు ఆర్‌-కార్డులు (పునరావాస కార్డులు) పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయ్యారు. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవారికీ వారికీ సాపత్యం పూర్తిగా కుదరదు. చేతిలో ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉండి కూడా దాని ఫలం అందకపోవడమన్నది ఒక్కటే పోలిక.

అభిప్రాయ ధోరణులు

మొదటి ధోరణి 'ముందు మా వరుస'. దీని వాదన ఇది: ఫీజులు కట్టి, పన్నులు కట్టి, ప్రతి మూడేళ్లకూ పత్రాలు పొడిగించుకుంటూ వచ్చినవారు వేచి ఉండగా, సరిహద్దు దాటి వచ్చినవారికి చట్టబద్ధత ఇవ్వడం అన్యాయం. ఈ వాదనలోని సహేతుకమైన భాగం ఫిర్యాదు: వరుస నిజంగానే కదలడం లేదు. బలహీనమైన భాగం పోలిక: పత్రాలు లేని మెక్సికన్ కూలీ నిలబడటానికి చాలా సందర్భాల్లో అసలు వరుసే లేదు. నైపుణ్యం అక్కర్లేని పనులు చేసే కార్మికులకు ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు చట్టంలోనే ఏడాదికి 10,000కు మించవు.

ఈ ధోరణికి సంస్థాగత రూపం 2005 చివర్లో ఏర్పడిన ఇమిగ్రేషన్ వాయిస్. 2007 జులైలో వరుసలో ఉన్న అందరూ దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించిన అధికారులు, జులై 2న ఆ మాట వెనక్కి తీసుకున్నారు. వరుసలోని భారతీయులు ఊరేగింపు కంటే ముందు పూలు పంపారు. 'గాంధీగిరి' పేరుతో వలస సేవల సంస్థ డైరెక్టరు కార్యాలయానికి వందలాది పుష్పగుచ్ఛాలు చేరాయి. ఆయన వాటిని గాయపడిన సైనికుల ఆసుపత్రికి పంపించారు. జులై 17న నిర్ణయం మారింది. అంతకుముందు ఏడాది వసంతంలో పత్రాలు లేని వలసదారులు లక్షల సంఖ్యలో వీధుల్లో నడిచారు. రెండు ఉద్యమాలూ అడిగింది ఒకే చట్టసభను. వీధిలో మాత్రం కలవలేదు.

రెండో ధోరణి సమగ్ర సంస్కరణ. 2013 జూన్ 27న సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన ఎస్.744 బిల్లు పత్రాలు లేనివారికి 13 ఏళ్ల పౌరసత్వ మార్గం పెట్టింది. ఉద్యోగ ఆధారిత కార్డులకు దేశాలవారీ పరిమితి ఎత్తేసింది. హెచ్‌-1బీ మీద ఎక్కువగా ఆధారపడే కంపెనీలపై మాత్రం కఠిన షరతులు విధించింది. అందువల్ల భారత ఐటీ పరిశ్రమ దాన్ని వ్యతిరేకించింది. వరుసలో ఉన్న ఉద్యోగులకు అది మేలు. ప్రతినిధుల సభ ఆ బిల్లును చేపట్టలేదు.

మూడోది 'ప్రతిభ ఆధారిత' వలస. 2017 రైజ్ బిల్లు విద్య, వయసు, ఆంగ్లం, జీతం ఆధారంగా పాయింట్లు ఇవ్వాలంది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది తమ కోసమే రాసినట్టు కనిపించింది. అదే బిల్లు కుటుంబ వీసాలను బాగా తగ్గించి, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు మార్గాన్ని మూసేస్తుందన్నది తర్వాత గమనించారు. 2018 ఫిబ్రవరిలో రిపబ్లికన్ హిందూ కొయలిషన్ ఆధ్వర్యంలో వాషింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనలో కొందరు భారతీయులు సరిహద్దు గోడను సమర్థించారు. తమ వరుస తీరిస్తే దాని ఖర్చుకు ఫీజు కడతామన్న ప్రతిపాదనా అక్కడ వినిపించింది.

చట్టబద్ధుల మధ్య విభేదం: దేశాలవారీ పరిమితి

చట్టబద్ధులంతా ఒకటి, పత్రాలు లేనివారంతా ఒకటి అనే చిత్రాన్ని 2019–20 చర్చ చెదరగొట్టింది. దేశాలవారీ పరిమితి ఎత్తేసే హెచ్.ఆర్.1044 ప్రతినిధుల సభలో 2019 జులై 10న 365–65తో గెలిచింది. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రమే ఎత్తేస్తే, భారతీయుల నిరీక్షణ తగ్గిన మేరకు ఇరాన్, పాకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల చట్టబద్ధ వలసదారుల నిరీక్షణ పెరుగుతుంది. వాళ్లు ఎదురు తిరిగారు. సెనేటర్ డిక్ డర్బిన్ మొత్తం సంఖ్య పెంచాలంటూ కొంతకాలం అడ్డుకున్నారు. పత్రాలు లేని పిల్లల కోసం 2001లో డ్రీమ్ బిల్లు తెచ్చినవారిలో ఆయనొకరు. హెచ్‌-1బీ దుర్వినియోగం మీద గట్టిగా మాట్లాడేదీ ఆయనే. తెలుగు ఉద్యోగుల చర్చల్లో ఆయన పేరు చేదుగానే వినిపించేది. మార్పులతో సెనేట్ 2020 డిసెంబరు 2న ఒక రూపాన్ని ఆమోదించింది. రెండు సభల రూపాలూ కలవక బిల్లు గడువు తీరిపోయింది.

తరాల తేడా

1965–80 మధ్య వచ్చిన డాక్టర్ల తరం ఓటర్లు, దాతలు. వరుస వాళ్లకు ఇతరుల సమస్య. 1990ల చివర వై2కే (2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్య) పనులకు వచ్చిన తరం కొంత ఆలస్యంతో కార్డులు పొందింది. 2010 తర్వాత వరుసలో చేరినవారికి ఓటు లేదు, స్వరం ఉంది. ఆసియా అమెరికన్ల మీద జరిగే సర్వేలు ఎక్కువగా ఓటర్ల అభిప్రాయాన్ని కొలుస్తాయి గనుక, వరుసలో ఉన్నవారి కోపం వాటిలో తక్కువగా కనిపిస్తుంది.

వరుసలో ఉన్నవారి పిల్లలు మరో వర్గం. తల్లిదండ్రులతో చట్టప్రకారం వచ్చి, 21 ఏళ్లు నిండగానే ఆధారిత హోదా కోల్పోయేవారిని 'డాక్యుమెంటెడ్ డ్రీమర్లు' అంటారు. 2012 జూన్ 15న ఒబామా ప్రకటించిన డాకా పథకం పత్రాలు లేకుండా చిన్నప్పుడు వచ్చినవారికి పని అనుమతి ఇచ్చింది. ఆ తేదీన చట్టబద్ధ హోదా ఉన్నవారిని మినహాయించింది. చట్టం పాటించిన తల్లిదండ్రుల పిల్లవాడు అందువల్లే అనర్హుడయ్యాడు. తెలుగు కుటుంబాల్లో డాకా పట్ల ఉన్న అసంతృప్తికి ఇది ముఖ్య కారణం. ఈ పిల్లల్లో చాలామంది మాత్రం డాకా లబ్ధిదారులతో కలిసి పనిచేయడానికే మొగ్గు చూపారు.

చట్టబద్ధత జారే చోట్లు (చూ. ఎఫ్‌-1; సీపీటీ; బెంచ్)

ఉద్యోగం పోయిన హెచ్‌-1బీ ఉద్యోగికి కొత్త యజమాని దొరకడానికి 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంది. అది దాటితే స్టేటస్ పోతుంది. 1996 చట్టం ప్రకారం 180 రోజులకు మించి చట్టవిరుద్ధంగా ఉండి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఇంకోవైపు, ఉద్యోగ ఆధారిత కార్డు దరఖాస్తుదారుకు 180 రోజుల లోపు లోపాన్ని చట్టమే మన్నిస్తుంది. క్యాంపస్ బయట నగదుకు గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్లోనో పనిచేసే విద్యార్థి వీసా రీత్యా చట్టబద్ధుడే, పని రీత్యా కాడు.

రెండు సంఘటనలు తెలుగువారిని నేరుగా తాకాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వలస అధికారుల దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టడం భారత్‌లో ఆగ్రహం తెప్పించింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా వలస అధికారులే నడిపిన బూటకపు సంస్థ అని తేలింది. తరగతులు లేకుండా పని అనుమతి కోసం చేరిన సుమారు 600 మందిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువారు. మొదటి విడతలో 129 మంది భారతీయులను అదుపులోకి తీసుకున్నారు. తెలుగు సంఘాలైన ఆటా, తానా న్యాయ సహాయం ఏర్పాటు చేశాయి. తెలిసే చేరారని కొందరు, వల వేసి పట్టారని కొందరు అన్నారు. అంతకుముందు 'అక్రమం' అనే మాటను సులువుగా వాడిన ఇళ్లలో ఆ నెల ఆ మాట వాడుక తగ్గింది.

ఓడరేవు పనివాళ్లకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఇంకొకటి. కత్రినా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ ఓడల కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు ఫిట్టర్లను హెచ్‌-2బీ తాత్కాలిక వీసాలపై తీసుకెళ్లింది. గ్రీన్ కార్డు వస్తుందని నమ్మించి రిక్రూటర్లు భారీగా డబ్బు వసూలు చేశారు. 2008 మార్చిలో కార్మికులు క్యాంపులు విడిచి బయటికొచ్చి, ఆ అడుగుతో హోదా పోగొట్టుకున్నారు. 2015లో న్యాయస్థానం మొదటి అయిదుగురికే 1.4 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. చట్టబద్ధంగా ఉన్నన్నాళ్లూ నోరెత్తలేకపోవడం, హోదా పోయాకే న్యాయం అడగగలగడం ఈ కేసు చూపిన వైపరీత్యం.

దొంగదారి, ఏజెంట్లు

'డంకీ' దారి ప్రధానంగా పంజాబ్, హర్యానా, గుజరాత్‌లది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్‌కు చేరిన 104 మందిలో తెలుగు రాష్ట్రాలవారు లేరు. అందువల్ల చాలామంది తెలుగు వలసదారులు దాన్ని తమకు సంబంధం లేని విషయంగా చూశారు. ఆ విమానంలో వచ్చినవారికి సంకెళ్లు వేయడాన్ని మాత్రం తప్పుపట్టినవారు ఎక్కువ. విశాఖకు తగిలిన దెబ్బ వేరే దిక్కు నుంచి వచ్చింది: డేటా ఎంట్రీ ఉద్యోగాలని పర్యాటక వీసాలపై కంబోడియా పంపిన యువకులను అక్కడ సైబర్ మోసాల ముఠాలు బంధించి పనిచేయించుకున్నాయి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశాక బాధితులు విడతలుగా తిరిగి వచ్చారు.

గల్ఫ్‌లో (చూ. కఫాలా, అకామా)

గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా సాధారణ కార్మికుడికి స్థిరనివాసం లేదు కాబట్టి 'వరుస దాటారు' అనే ఫిర్యాదు అక్కడ లేదు. అకామా (నివాస అనుమతి) ఉన్న కార్మికుడూ ఖల్లివల్లి కార్మికుడూ ఒకే గదిలో ఉండటం మామూలు. ఖల్లివల్లికి రోజు కూలి ఒక్కోసారి ఎక్కువ. పట్టుబడితే గదిలో అందరికీ ఇబ్బంది. సానుభూతీ విసుగూ కలిసే ఉంటాయి. కువైట్ 2018లో, 2020లో, 2024లో; యూఏఈ 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినవారు రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్‌తో తిరిగొచ్చారు. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా కువైట్ ఇంటిపని వీసాదారులు కంపెనీ వీసాకు మారడానికి అవకాశం ఇచ్చింది. రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లినవారికి వలస సంస్కరణ అంటే ఇంత చిన్నదీ, ఇంత పెద్దదీ.

అంచనాలు

2022లో అమెరికాలో పత్రాలు లేని భారతీయులు 7.25 లక్షలని ప్యూ పరిశోధన సంస్థ, 2.2 లక్షలని అమెరికా అంతర్భద్రతా శాఖ లెక్కవేశాయి. లెక్కించే పద్ధతిని బట్టి సంఖ్య మూడింతలు మారుతుంది. ఇవి దేశాలవారీ అంచనాలు. భాషల వారీ విభజన వీటిలో ఉండదు. అమెరికాలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010–17 మధ్య 86 శాతం పెరిగింది. ఆ కాలంలో పెద్ద భాషల్లో అదే అత్యధిక వృద్ధి.

2017 తర్వాత

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన వ్యక్తి, కాల్పులకు ముందు ఆయన వీసా గురించి నిలదీశాడు. భర్త మరణంతో సునయన దుమాలకు అమెరికాలో ఉండే హోదా కూడా పోయింది; స్థానిక కాంగ్రెస్ సభ్యుడి చొరవతో తాత్కాలిక అనుమతి దొరికింది. చట్టబద్ధత బయటివాడి కంటికి కనిపించే గుర్తు కాదని ఈ హత్య తర్వాత తెలుగు సంఘాల్లో చర్చ జరిగింది.

2025 జనవరి 20 నాటి జన్మతః పౌరసత్వ ఉత్తర్వు, పత్రాలు లేనివారి పిల్లలనూ హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలనూ ఒకే గాటన కట్టింది. న్యాయస్థానాలు దాని అమలును నిలిపివేశాయి. అదే ఏడాది సెప్టెంబరు 19న కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ ప్రకటన వెలువడింది. 'మేం వేరు, వాళ్లు వేరు' అన్న వాదనకు ఈ రెండు పత్రాలూ పెద్ద దెబ్బ.

పత్రాలు లేకుండా దీర్ఘకాలం ఉన్నవారికి శాశ్వత నివాసం ఇచ్చే 'రిజిస్ట్రీ' నిబంధనలో ప్రవేశ తేదీ ఇప్పటికీ 1972 జనవరి 1కి ముందే ఉండాలి. 1986 తర్వాత దాన్ని మార్చలేదు. 1990లో పెట్టిన 1,40,000 పరిమితీ అలాగే ఉంది. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో, ఉన్నత డిగ్రీలున్న భారతీయుల ఈబీ-2 వరుస 2013 ఏప్రిల్ 1 దగ్గర ఉండేది; అంటే అంతకుముందు వరుసలో చేరినవారికే అప్పటికి వంతు వచ్చింది.